గొట్టం లోపలి గాడులు: మన్యం యువత తెలుసుకోవలసిన ఒక తుపాకీ చరిత్ర



మన్యం పోరాటాల గురించి ఎక్కడ సభ జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "వాళ్ల దగ్గర తుపాకులు, మన దగ్గర విల్లంబులు. అందుకే ఓడిపోయాం" అంటారు. మా హాస్టల్లో ఏడో తరగతి పిల్లలు కూడా పరీక్షలో ఇదే రాస్తారు. ఈ మాటలో కొంత నిజం ఉంది, కానీ సగం చరిత్రే ఉంది. మన పూర్వీకుల చేతుల్లోనూ తుపాకులు ఉన్నాయి. వేటకు, పంట కావలికి వాడే ఒత్తి తుపాకులు ఉన్నాయి. నిజాం రాజ్యంలో జోడేఘాట్ దగ్గర 1940లో నేలకొరిగిన కొమురం భీం దళం దగ్గర బర్మార్లు ఉన్నాయి. 1922లో పోలీసు స్టేషన్ల నుంచి పట్టుకొచ్చిన సర్కారు తుపాకులూ ఉన్నాయి. మరి తేడా ఎక్కడుంది?

ఆ తేడా చాలావరకు తుపాకీ గొట్టం లోపల ఉంది. బయట నుంచి చూస్తే కవల పిల్లల్లా ఉండే రెండు తుపాకులలో ఏది ఎవరి చేతికి వెళ్లాలో తెల్ల దొరలు గొట్టాన్ని బట్టి నిర్ణయించారు. ఆ నిర్ణయం వెనకున్న ఆలోచన తెలిస్తే మన తాతల పోరాటం ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. తుపాకీ మీద మోజు పెంచడానికి ఈ వ్యాసం రాయడం లేదు. చరిత్రను పైపైన కాకుండా లోపలికి చూసి చదవడం అలవాటు కావాలని రాస్తున్నాను.

గాడుల సంగతి

ముందు చిన్న సైన్సు పాఠం. బాణం తోకకు ఈకలు ఎందుకు కడతారో మీలో చాలామందికి ఇంట్లోనే తెలిసి ఉంటుంది. ఈక లేని బాణం గాలిలో తల్లకిందులై పక్కకు పోతుంది. ఈక ఉంటే తిన్నగా పోతుంది. ఈకను కాస్త వాలుగా కడితే బాణం తన చుట్టూ తాను తిరుగుతూ ఇంకా నిలకడగా పోతుంది. బొంగరం కూడా తిరుగుతున్నంత సేపే నిటారుగా నిలబడుతుంది, వేగం తగ్గగానే పడిపోతుంది.

తుపాకీ గుండుకు ఈకలు కట్టలేం కదా. అందుకని గొట్టం లోపలి గోడ మీద మెలి తిరిగిన గాడులు చెక్కారు. గుండు ఆ గాడులను ఒరుసుకుంటూ బయటికి వచ్చేసరికి బొంగరంలా తిరుగుతుంది. ఈ గాడులు చెక్కడాన్నే ఇంగ్లీషులో రైఫ్లింగ్ అంటారు. రైఫిల్ అన్న పేరు దాని నుంచే వచ్చింది. గాడులు లేకుండా నున్నగా ఉన్న గొట్టం తుపాకీని మస్కెట్ అనేవారు. నున్నటి గొట్టం నుంచి వచ్చిన గుండు వంద గజాలు దాటితే ఎటు పోతుందో కాల్చినవాడికే తెలియదు. గాడులున్న గొట్టంతో అంతకు ఎన్నో రెట్ల దూరాన ఉన్న మనిషిని గురి పెట్టి కొట్టవచ్చు.

కాబట్టి రెండు తుపాకులకు చెక్క ఒకటే, ట్రిగ్గర్ ఒకటే, బరువు దాదాపు ఒకటే అయినా గొట్టం లోపల గాడులున్నాయా లేవా అన్నదాన్ని బట్టి అవి రెండు వేర్వేరు ఆయుధాలు అయిపోతాయి.

1857 తర్వాత గాడులు చెరిపిన తుపాకులు

1857లో సిపాయిల తిరుగుబాటుకు ఒక కారణం 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా అని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. ఆవు, పంది కొవ్వు పూసిన తూటాను నోటితో కొరకాలన్న మాట సిపాయిల్లో మంట రేపింది. పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత ఆ రైఫిల్ ఏమైందో మనకు ఎవరూ చెప్పరు.

ఆ ఎన్‌ఫీల్డ్ గొట్టం వ్యాసం 0.577 అంగుళాలు. లోపల మూడు గాడులు. దూరాన్ని బట్టి పైకి కిందికి జరుపుకునే గురి చూపు దాని మీద ఉండేది. తిరుగుబాటు అణిగిన తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం భారత సిపాయిల కోసం 1858 నమూనా అని కొత్త తుపాకీ తెచ్చింది. చూడడానికి అచ్చం పాత ఎన్‌ఫీల్డే. కానీ గొట్టాన్ని లోపల తొలిచి గాడులు తీసేశారు. వ్యాసం 0.656 అంగుళాలకు పెరిగింది. జరిపే గురి చూపు తీసేసి కదలని చిన్న చూపు పెట్టారు. అంతగా తొలిచేసరికి గొట్టం గోడ పలచబడింది. అందుకని 1859లో గోడ మందం పెంచి, లోపల మాత్రం నున్నగానే ఉంచి మరో నమూనా చేశారు.

ఒకసారి ఆలోచించండి. ఎక్కడైనా వస్తువును మెరుగు చేయడానికి కర్మాగారంలో పని జరుగుతుంది. ఇక్కడ మంచి ఆయుధాన్ని పనిగట్టుకుని తగ్గించడానికి డబ్బు ఖర్చు పెట్టారు. కవాతులో తెల్ల సైనికుడి భుజం మీద, నల్ల సిపాయి భుజం మీద ఒకేలాంటి తుపాకీ కనిపిస్తుంది. యుద్ధం వస్తే మాత్రం తెల్లవాడి గుండు దూరం పోతుంది, సిపాయి గుండు దగ్గరే దారి తప్పుతుంది. మళ్లీ తిరగబడితే గెలవకూడదన్నదే లెక్క.

ఇదే కాలంలో మరికొన్ని నిర్ణయాలు జరిగాయి. ఫిరంగి దళాలు దాదాపు పూర్తిగా తెల్లవారి చేతుల్లోకి వెళ్లాయి. బెంగాల్ సైన్యంలో ఇద్దరు భారతీయులకు ఒక తెల్ల సైనికుడు, మద్రాసు, బొంబాయి సైన్యాల్లో ముగ్గురికి ఒకడు ఉండాలని పీల్ కమిషన్ సిఫారసు చేసింది. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు చాలామంది ఉండేవారు. అంటే ఈ కథ మన నేలకు దూరంగా జరిగింది కాదు.

తర్వాత కూడా పద్ధతి ఇదే. కొత్త తుపాకీ ముందు తెల్ల సైన్యానికి, వాళ్లు వాడి వదిలేసిన పాతది భారత సిపాయికి. 1871లో తెల్ల సైన్యానికి మార్టినీ హెన్రీ వస్తే, భారత సిపాయిల చేతికి అంతకు ముందు తరం స్నైడర్లు వచ్చాయి. 1888లో వాళ్లకు బోల్టు తుపాకులు వస్తే, అప్పుడు మనవాళ్లకు మార్టినీలు. ఎప్పుడూ ఒక తరం వెనక ఉంచారు.

కవలల్లాంటి రెండు బోల్టు తుపాకులు

బోల్టు తుపాకీ అంటే తలుపు గడియ లాంటి పిడిని ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి తూటా ఎక్కించేది. పాత సినిమాల్లో పోలీసుల చేతుల్లో చూసే త్రీ నాట్ త్రీ ఈ జాతిదే. 0.303 అంగుళాల గొట్టం కాబట్టి ఆ పేరు.

1888లో వచ్చిన మొదటిది లీ మెట్‌ఫోర్డ్. 1895లో వచ్చినది లీ ఎన్‌ఫీల్డ్. రెండింటినీ పక్కపక్కన పెడితే మామూలు కంటికి తేడా తెలియదు. లీ అన్న ఇంజినీరు చేసిన బోల్టు, తూటాల పెట్టె రెండింటికీ ఒకటే. పేరులో రెండో సగం గొట్టానిది. మెట్‌ఫోర్డ్ గొట్టంలో లోతు లేని, అంచులు గుండ్రంగా ఉన్న ఏడు గాడులు ఉండేవి. నల్లమందు కాలిస్తే మసి పేరుకుంటుంది కాబట్టి శుభ్రం చేయడానికి వీలుగా అలా చెక్కారు. కొన్నేళ్లకు నల్లమందు పోయి కార్డైట్ అనే పొగ తక్కువ మందు వచ్చింది. దాని వేడికి ఆ లోతు లేని గాడులు తొందరగా అరిగిపోయాయి, గురి తప్పడం మొదలైంది. ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో పరీక్షలు చేసి, లోతుగా, అంచులు చతురంగా ఉన్న ఐదు గాడుల గొట్టం తయారు చేశారు. అదే లీ ఎన్‌ఫీల్డ్.

గొట్టం పొడవు విషయంలోనూ ఇలాంటి శ్రద్ధే పెట్టారు. మొదట 30.2 అంగుళాలుండేది. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం అయ్యాక, కాలిబంటుకూ గుర్రపు రౌతుకూ ఒకటే తుపాకీ చాలని 1903లో దాన్ని 25.2 అంగుళాలకు తగ్గించారు. తూటాల పెట్టెలో పది తూటాలు పడతాయి. బాగా తర్ఫీదైన సైనికుడు నిమిషానికి పదిహేను సార్లు గురి చూసి కాల్చగలిగేవాడు.

అంటే తమ సైనికుడి కోసం రెండు తుపాకుల్లో ఏది మేలో తేల్చుకునేటప్పుడు గాడి లోతు, అంచు, పొడవు, మందు వేడి, అరుగుదల అన్నీ కొలిచి చూశారు. పాలించేవాళ్లకు గొట్టం విలువ అంత బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఎవరికి ఏ గొట్టం ఇవ్వకూడదో కూడా అంతే జాగ్రత్తగా ఆలోచించారు.

పోలీసులకు నున్న గొట్టం

బ్రిటిష్ పాలన చివరి దశాబ్దాలలో బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో లీ ఎన్‌ఫీల్డ్ తుపాకులను కొన్ని మార్చి తయారు చేశారు. అవి పోలీసులు, జైలు కాపలాదారుల కోసం. అదే బోల్టు, అదే చెక్క, అదే రూపు. కానీ గొట్టం 0.410 అంగుళాలకు తొలిచి నున్నగా చేసినది. గాడులు లేవు. పది తూటాలు పట్టే పెట్టెలో చెక్కముక్క దిగ్గొట్టారు. దాంతో ఒక్కొక్క తూటానే చేత్తో ఎక్కించి కాల్చాలి.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. ఈ తుపాకీ తూటా సైన్యం రైఫిల్లో పట్టదు. సైన్యం తూటా ఈ వెడల్పు గొట్టంలో వదులుగా పడి ఎందుకూ పనికి రాదు. అంటే ఎవరైనా పోలీసు తుపాకీ ఎత్తుకుపోయినా సైన్యం తూటాలు దానికి ఆసరా కావు. పోలీసు తూటాలు ఎత్తుకుపోయినా రైఫిల్‌కు పనికి రావు. తన జీతం మీద బతికే పోలీసును కూడా సర్కారు పూర్తిగా నమ్మలేదు. గుంపును చెదరగొట్టడానికి చాలు, సైన్యానికి ఎదురు నిలవడానికి చాలదు అన్నంత వరకే అతని చేతికి ఇచ్చింది.

ఇక జనానికి మిగిలింది ఏమిటి? 1878 ఆయుధాల చట్టం. తుపాకీ ఉండాలంటే లైసెన్సు ఉండాలి. తెల్లవారికి, ఆంగ్లో ఇండియన్లకు మినహాయింపు. ఆ చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1879లో, రంప ప్రాంతం భగ్గుమంది. కల్లు మీద చిగురు పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల ఆగడాలు భరించలేక ముఠాదారులూ గిరిజనులూ తిరగబడ్డారు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు ముందు నడిచారు. మద్రాసు సైన్యం రెజిమెంట్లు దిగితే గాని అది అణగలేదు.

1922: ఆ 26 తుపాకులు

ఇప్పుడు మనందరికీ తెలిసిన కథకు వద్దాం. 1882 అటవీ చట్టం పోడును బిగించింది. నర్సీపట్నం, చింతపల్లి రోడ్డు పనికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్ల చేత వెట్టి చేయించాడు. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో గాం గంటందొర, గాం మల్లుదొర మొదలైన మన్యం వీరులు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారు. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేతికి వచ్చాయి.

దళానికి ముందుచూపు ఎంత ఉందో ఇక్కడ గమనించండి. కొల్లగొట్టింది ఖజానా కాదు, ఆయుధాగారం. తుపాకీతో పాటు దానికి సరిపడే తూటాలు కూడా అక్కడే దొరుకుతాయి. నాటు తుపాకీకి ఇంట్లో మందు కూరి, సీసం కరిగించి గుండు పోసుకోవచ్చు. సర్కారు తుపాకీకి సర్కారు తూటాయే కావాలి.

కష్టం కూడా అక్కడే మొదలైంది. 2,500ను 26తో భాగిస్తే ఒక్కో తుపాకీకి సుమారు 96 తూటాలు. అవి అయిపోతే మళ్లీ స్టేషన్ల నుంచే తేవాలి. సర్కారు ఆ సంగతి వెంటనే పసిగట్టింది. ఆయుధాలను స్టేషన్ల నుంచి దాటించేసింది. అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం స్టేషన్లకు దళం వెళ్లేసరికి తుపాకులు లేవు. దళం ధైర్యం ఏమీ తగ్గలేదు, తూటాల దారి మూసుకుపోయింది.

ఈ పరిస్థితిలో మన పూర్వీకులు చేసినది ఏమిటి? గొట్టం తేడా పనిచేయని చోటును ఎంచుకున్నారు. గాడులున్న రైఫిల్ బలం అంతా దూరంలో ఉంది. మైదానంలో వందల గజాల అవతల నుంచి అది కొడుతుంది. ముప్పై నలభై అడుగుల అవతల ఏముందో కనిపించని ఘాటీలో, మలుపు మలుపుకూ బండరాళ్లున్న దారిలో, ఆ బలం చాలావరకు వృథా. అక్కడ అడవి తెలిసినవాడిదే పైచేయి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో జరిగింది అదే. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను దళం పోనిచ్చింది. వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు ఆ దాడిలో చనిపోయారు. ఎవరి మీద పోరాటమో, ఎవరి మీద కాదో కూడా దళానికి స్పష్టంగా తెలుసు.

దాన్ని ఎదుర్కోవడానికి సర్కారుకు మామూలు పోలీసులు చాలలేదు. 1921 మాప్పిళ్ల తిరుగుబాటు సమయంలో పుట్టిన మలబార్ స్పెషల్ పోలీసును దించింది. 1924లో అస్సాం రైఫిల్స్‌ను రప్పించింది. ఆ దళం పేరులోనే రైఫిల్ ఉంది. కొండల్లో యుద్ధం తెలిసిన సైనిక దళం అది. ఊళ్ల మీద నిఘా పెట్టి, తిండి గింజలు దళానికి చేరకుండా కట్టడి చేశారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును బంధించి కాల్చి చంపారు. జూన్‌లో గంటందొర నేలకొరిగాడు. అంతకు ముందే పట్టుబడి జైలు పాలైన మల్లుదొర బతికి, 1952 ఎన్నికల్లో గెలిచి పార్లమెంటుకు వెళ్లాడు.

రెండేళ్లు. అరకొర తుపాకులు, లెక్కపెట్టిన తూటాలతో రెండేళ్లు నిలబడ్డారు. "విల్లంబులతో ఓడిపోయాం" అన్న ఒక్క వాక్యంలో ఇదంతా కనిపించదు.

అవసరం వచ్చినప్పుడు

మరో సంగతి చెప్పి ముగింపుకు వస్తాను. మంచి తుపాకీ ఇస్తే భారతీయులు వాడలేరనే మాట ఆ రోజుల్లో ఉండేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్రాన్సులో జర్మనీ సైన్యాన్ని ఆపడానికి తెల్ల సైనికులు చాలక భారత దళాలను ఓడల్లో ఎక్కించారు. మార్సేల్ ఓడరేవులో దిగగానే వాళ్ల పాత రైఫిళ్లు తీసుకుని సరికొత్త లీ ఎన్‌ఫీల్డ్‌లు చేతికిచ్చారు. ఆ తుపాకులతోనే మన సిపాయిలు కందకాల్లో నిలిచి పోరాడారు. నిన్నటి దాకా వాడలేడన్న మనిషి ఒక్క రోజులో వాడగలిగాడు. సామర్థ్యం ఎప్పుడూ ఉంది. లేనిది దొరలకు నమ్మకం.

మనం నేర్చుకోవలసింది

మొదటిది, ఊళ్లో పెద్దవాళ్లు పాత తుపాకుల గురించి, తూటాల గురించి, ఘాటీల గురించి చెప్పే మాటలు రాసి పెట్టండి. ఏ తాత ఏ తుపాకీ పట్టాడు, మందు ఎలా కూరేవారు, గుండు ఎలా పోసేవారు, ఏ మలుపులో కాపు కాశారు? ఇవి మన ఇళ్లలో ఉన్న చరిత్ర. ఆ పెద్దవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

రెండోది, పైరూపు చూసి సంతోషించకండి. చేతికిచ్చిన ప్రతిదాని లోపల గాడులు ఉన్నాయో లేవో చూడండి. ఈ రోజు మనకు తుపాకులు అక్కరలేదు, చట్టాలున్నాయి. 1/70 ఉంది, 1996 పెసా ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. కానీ గ్రామసభ తీర్మానం అని పేరు పెట్టిన కాగితాలన్నీ ఒకటి కావు. అటవీ హక్కుల నియమాల ప్రకారం గ్రామసభకు సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అలా కూర్చుని చర్చించి రాసిన తీర్మానానికీ, ఎవరో రాసుకొచ్చిన కాగితం మీద పది వేలిముద్రలు వేయించిన తీర్మానానికీ పైకి ఒకే రూపు ఉంటుంది. మొదటిది మన హక్కును దూరం తీసుకుపోతుంది. రెండోది దగ్గరే దారి తప్పుతుంది. సంతకం పెట్టే ముందు చదవండి. అమ్మానాన్నలకు చదివి వినిపించండి.

మూడోది, చదువు. ఇద్దరు పిల్లల చేతుల్లో ఒకేలాంటి సర్టిఫికెట్ ఉండవచ్చు. ఒకరికి లెక్కలు, సైన్సు, భాష నిజంగా వచ్చి ఉంటాయి. ఇంకొకరికి కాగితం ఒక్కటే ఉంటుంది. మనకు నున్న గొట్టం చదువు అంటగడితే ఒప్పుకోవద్దు. టీచరు రాకపోతే అడగండి, ల్యాబు తాళం తీయకపోతే అడగండి, అర్థం కాకపోతే పదిసార్లు అడగండి. అడిగే హక్కు మీకు ఉంది.

మన తాతలకు మంచి గొట్టం ఇవ్వకూడదని ఎక్కడో దూరాన కూర్చుని నిర్ణయించారు. ఆ నిర్ణయం సంగతి తెలియకుండానే వాళ్లు రెండేళ్లు కొండను కాపాడుకున్నారు. మీకు చదువుకుని తెలుసుకునే అవకాశం ఉంది. దాన్ని వాడుకోండి.

మన్యం వీరులకు జోహార్లు.